స్తుతి బిగించిన డబ్బా

కోడుమూరులో ఆఫీసుకు కంప్యూటర్ కావాలంటే రెండు దారులున్నాయి. కర్నూలు బస్సెక్కి, అద్దాల తలుపు తోసుకుని పెద్ద షాపులోకి పోయి, వాళ్లిచ్చిన చల్లటి నీళ్లు తాగి, వాళ్లు చూపించినదానికి తలూపి రావడం ఒకటి. మార్కెట్ వీధి చివర రేకుల షెడ్డులో కూర్చునే స్తుతి దగ్గరికి పోయి, ఆమె అడిగే ప్రశ్నలకు జవాబులు చెప్పుకోవడం రెండోది. ఈ రెండోది కొంచెం కష్టమే. రోజుకెన్ని బిల్లులు కొడతారు, గది కిటికీ ఏ దిక్కుకుంది, పక్కన పిండిమర ఉందా, కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుంది, ఎలుకలు తిరుగుతాయా అని వరసబెట్టి అడుగుతుంది. పిల్లనిచ్చేవాళ్లు కూడా పెళ్లికొడుకు గురించి అన్ని వివరాలు అడగరు. అన్నీ విన్నాక, వచ్చినవాడు మనసులో అనుకున్నదానికంటే తక్కువ ధర చెబుతుంది. అప్పుడు వాడికి అనుమానం పట్టుకుంటుంది. ఇంత తక్కువకిస్తోందంటే ఇందులో ఏదో మతలబు ఉండే ఉంటుందని గొణుక్కుంటూ కర్నూలు బస్సెక్కేవాళ్లు కూడా ఉన్నారు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా.

స్తుతికి ముప్పై ఎనిమిదేళ్లు. పుట్టింది ఆస్పత్రిలోనే అయినా పెరిగింది మాత్రం ఆ షెడ్డులోనే. వాళ్ల నాయన బాలస్వామి నలభై ఏళ్లు అందులో కూర్చుని బోరు మోటార్లకు రాగితీగ చుట్టాడు. చుట్టుపక్కల ఏ చేనులో మోటారు కాలినా అది ట్రాక్టరెక్కి ఆ షెడ్డుకే వచ్చేది. కూతురికి అక్షరాలకంటే ముందు ఆయన నేర్పింది ఒకటే నియమం. కరెంటు పని ముట్టుకునేముందు కాళ్లకు రబ్బరు చెప్పులుండాలి. ఎనిమిదేళ్ల వయసులో ఆమె వట్టికాళ్లతో బల్బు హోల్డరు పట్టుకోబోతే వీపు మీద ఒక్కటిచ్చాడు. ఆయన జీవితంలో కూతురిని కొట్టింది ఆ ఒక్కసారే. ఆ దెబ్బ ఆమెకు ఇప్పటికీ గుర్తుంది, చెప్పులు ఇప్పటికీ కాళ్లకుంటాయి.

డిప్లొమా చదివాక కర్నూల్లో ఒక షాపులో పద్నాలుగేళ్లు పనిచేసింది. పైన కౌంటరు, కింద గది. కింద గదిలో స్తుతి మెషిన్లు బిగించేది, పైన వాటి మీద షాపు పేరున్న స్టిక్కరు అంటించి అమ్మేవాళ్లు. ఆమె చేతుల మీదుగా వెయ్యికి పైగా కంప్యూటర్లు బయటికి పోయాయి. ఒక్కదాని మీద కూడా ఆమె పేరు లేదు. ఉండాలని మొదట్లో అనుకోలేదు కూడా. ఒకరోజు వేంపల్లె నుంచి ఒకాయన వచ్చి, ఆరేళ్ల కింద కొన్న మెషిన్ ఇంకా గుండులా పనిచేస్తోందని యజమానికి దండం పెట్టి పోయాడు. కింద గది మెట్ల మీద నిలబడి అది విన్న స్తుతికి ఆ రోజు అన్నం సయించలేదు. మరుసటి నెలలోనే పని మానేసి కోడుమూరు వచ్చి, నాయన షెడ్డులో సగం ఖాళీ చేయించి, తన షాపు పెట్టింది. ఇది జరిగి మూడేళ్లయింది.

ఆమె మెషిన్ చూడ్డానికి ఏమీ బాగుండదు, ఆ మాట ముందే చెప్పేయాలి. మందపాటి ఇనుప డబ్బా, నల్ల రంగు, ముందు ఒక బొత్తాము. ఇప్పుడొచ్చే గాజు పలకలూ, ఏడు రంగుల్లో వెలిగే లైట్లూ చూస్తే ఆమెకు ఒళ్లు మండుతుంది. పైన పటారం, లోన లొటారం అంటుంది. లైటుకు పెట్టే డబ్బు కరెంటు పెట్టెకు పెడితే మెషిన్ పదేళ్లు బతుకుతుందని ఆమె లెక్క. కరెంటు పెట్టె అంటే డబ్బా లోపల మూలన ఉండి, గోడ కరెంటును మెషిన్‌కు తగినట్టు మార్చి ఇచ్చే పరికరం. అమ్మేవాళ్లు మొట్టమొదట కోత పెట్టేది దాని మీదే, ఎందుకంటే అది కొనేవాళ్ల కంటికి కనిపించదు. స్తుతి మాత్రం దాని దగ్గర పిసినారితనం చేయదు. బిల్లులూ ఉత్తరాలూ కొట్టే ఆఫీసుకు ఆటలాడే మెషిన్‌కుండే గ్రాఫిక్స్ కార్డులెందుకని అవి పెట్టదు. మంచి ఎస్ఎస్‌డి పెడుతుంది, చాలినంత ర్యామ్ పెట్టి, రేపు అవసరమైతే ఇంకోటి గుచ్చుకోవడానికి పక్కన చోటు వదులుతుంది. గాలి లోపలికి పోయే చోట దోమతెర గుడ్డ బిగిస్తుంది. మన ఎర్రదుమ్ము సంగతి ఆమెకు తెలుసు. అన్నీ అయ్యాక ఆ మెషిన్‌ని రేకుల కింద, మిట్టమధ్యాహ్నం, ఫ్యాను లేకుండా రెండు రోజులు నడిపిస్తుంది. ఏప్రిల్‌లో కోడుమూరు రేకుల కింద బతికిన మెషిన్ ఇంకెక్కడైనా బతుకుతుంది.

చివర్లో ఒక చిన్న కాగితం మీద సొంత చేతిరాతతో సామాన్ల పేర్లు, తారీఖు, తన ఫోన్ నంబరు రాసి డబ్బా లోపలి గోడకు అంటిస్తుంది. దాని అడుగున ఉండే మాట ఒక్కటే. బిగించినది, స్తుతి, కోడుమూరు.

పత్తికొండ దగ్గర టమోటా రైతులు కలిసి పెట్టుకున్న సంఘం ఒకటుంది. దాని కార్యదర్శి రంగస్వామి నిదానస్తుడు, పది రూపాయల తాడు కొన్నా రెండుసార్లు లాగి చూసేరకం. ఆఫీసులో పాత కంప్యూటరు మూలన పడింది. కొత్తది ఒకటి కావాలి. అది బాగుంటే, పంట కొనే ఆరు ఊళ్ల కేంద్రాలకు ఇంకో ఆరు కావాలి. కర్నూలు కంపెనీ మెషిన్లకు ఎక్కువగా పెట్టే డబ్బుతో నలుగురు రైతులకు టమోటా పెట్టెలు కొనివ్వొచ్చని ఎవరో చెబితే స్తుతి దగ్గరికి వచ్చాడు. ఆమె ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. ఒక్కటి మాత్రం పెడతా, నెల చూస్తా, ఒక్కసారి పేచీ పెట్టినా వెనక్కి పంపిస్తా అన్నాడు. స్తుతి సరేనంది. పేచీ పెట్టదని ఆమెకు తెలుసు.

తెలుసు గానీ, దాని మీద ఏం వేలాడుతోందో కూడా తెలుసు. మూడేళ్లుగా షాపు నడుస్తోందంటే నడుస్తోంది అంతే. కర్నూలు యజమాని నెలకోసారి ఫోను చేసి, ఈసారి కింద గది కాదమ్మా, పైన కౌంటరు నీకే ఇస్తా, నెలాఖరులోగా చెప్పమంటున్నాడు. మంచివాడే. ఈ ఆరు మెషిన్లు కుదిరితే షాపు నిలబడుతుంది. పెట్టిన ఒక్కటీ వెనక్కి వచ్చిందంటే, స్తుతి డబ్బా తిరిగొచ్చిందంట అన్న మాట పత్తికొండ నుంచి కోడుమూరుకు బస్సుకంటే ముందొస్తుంది. ఆ తరువాత ఆమె మళ్లీ ఆ కింద గదికో పై కౌంటరుకో పోవాల్సిందే, మళ్లీ ఇంకొకరి స్టిక్కరు కిందే బతకాల్సిందే.

మెషిన్ పెట్టిన తొమ్మిదో రోజు రంగస్వామి ఫోను చేశాడు. డబ్బా షాక్ కొడుతోందట. ఆఫీసులో బిల్లులు కొట్టే భువన దాన్ని ముట్టుకోనంటోందట. స్తుతికి మొదట నవ్వొచ్చింది, తరువాత కోపమొచ్చింది. కరెంటు పెట్టె విషయంలో లోకమంతా పిసినారితనం చేస్తుంటే తనొక్కతే చేయదు, అలాంటిది షాక్ కొట్టేది తన డబ్బానా? సంచిలో ఇంకో కొత్త కరెంటు పెట్టె వేసుకుని బస్సెక్కింది. పదకొండు గంటలకు సంఘం ఆఫీసు చేరింది.

కంప్యూటర్ గది గడప దగ్గర చెప్పుల వరస ఉంది. ఆ గదిలోకి ఎవరూ చెప్పులతో పోరు. నున్నటి బేతంచెర్ల బండలు పరిచిన నేల, గోడకు సరస్వతి పటం, స్తుతి బిగించిన డబ్బాకు కూడా పసుపు, కుంకుమ బొట్టు. ఆఫీసు ఊడ్చి, తుడిచి, నీళ్లు పట్టే గిడ్డమ్మ గడప దగ్గర కూర్చునుంది. అరవై దాటిన మనిషి. స్తుతి చెప్పులతో లోపలికి పోబోతే, ఇడ్సి పో అమ్మా అంది. కరెంటు పని అవ్వా, చెప్పులు ఇడిస్తే మా నాయన ఊరుకోడు అని నవ్వి స్తుతి లోపలికి నడిచింది. గిడ్డమ్మ ఇంకేదో అనబోయి ఆగింది. స్తుతి చూడలేదు.

డబ్బా మీద వేలి వెనకవైపు ఆనించి చూసింది. ఏమీ లేదు. అరచేయి పెట్టింది, వెనక తీగలన్నీ తడిమింది. ఏమీ లేదు. గంటసేపు మెషిన్ నడిపి, చెయ్యి దానిమీదే పెట్టుకుని కూర్చుంది. భువన దూరంగా గోడకు ఆనుకుని చూస్తోంది. ఇరవై అయిదేళ్ల పిల్ల, అయిదో నెల కడుపుతో ఉంది. ఏమీ లేదు చూడమ్మా అంది స్తుతి, కాస్త పెద్ద గొంతుతోనే.

"అయితే నేను అబద్ధం చెప్తాండానా అక్కా?" అంది భువన.

స్తుతి సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసింది. ఏం చెప్పినా ఆ పిల్ల నొచ్చుకునేలా ఉంది. అవసరం లేదని తెలిసి కూడా కరెంటు పెట్టె మార్చి కొత్తది బిగించి, రంగస్వామికి చెప్పి వచ్చేసింది. బస్సులో కూర్చున్నంతసేపూ, ఎవరో వీళ్లకు చెవిలో ఊది ఉంటారని, ఇనుప డబ్బా నచ్చక వంకలు పెడుతున్నారని, ఆ పిల్లకు రంగు లైట్లు కావాలేమోనని ఒకదాని వెంట ఒకటి అనుకుంది. మనసు ఒకసారి అనుమానం మొదలుపెడితే దానికి బస్టాపులుండవు. ఇంటికొచ్చాక నాయన ఒక్క ముక్క అడిగాడు, ముట్టుకుని చూసినావా అని. చూసినా, ఏం లేదు అని విసురుగా చెప్పింది. తీసుకొచ్చిన పాత కరెంటు పెట్టెను రెండు రోజులు రేకుల కింద పరీక్ష పెట్టింది. అది నిక్షేపంగా ఉంది.

సోమవారం పొద్దున్నే రంగస్వామి మళ్లీ ఫోను చేశాడు. ఈసారి ఆయన గొంతులో మర్యాద ఉంది గానీ చనువు లేదు.

"ఏమనుకోవద్దమ్మా. మెషిన్ తీస్కపో. ఆ పిల్ల వట్టి మనిషి కాదు. రేపు ఏమన్నా అయితే ఎవురు జవాబు చెప్తారు?"

రంగస్వామన్నా, రేపు మొదటి బస్సుకు వస్తా, తీసుకుపోయేదైతే నేనే తీసుకుపోతా అంది స్తుతి. ఆ రోజంతా ఆమె ఏ పనీ ముట్టలేదు. మెషిన్‌లో తప్పు లేదు. ఈ మాట మీద ఆమె మూడేళ్ల షాపును పందెం కాయగలదు. మరి భువన చెయ్యి ఎందుకు జుమ్మంటోంది? ఇద్దరి మాటా ఒకేసారి నిజమయ్యే దారి ఏదో ఒకటి ఉండాలి కదా. అదేమిటో ఆమెకు తట్టలేదు.

మంగళవారం మొదటి బస్సు దిగి ఆఫీసుకు పోయేసరికి గిడ్డమ్మ అప్పుడే బండలు తుడుస్తోంది. గది నేలంతా తడితడిగా మెరుస్తోంది. రంగస్వామి ముందే వచ్చి, మెషిన్ అట్టపెట్టె టేబుల్ పక్కన తెచ్చిపెట్టుకుని ఉన్నాడు. భువన ఇంకా రాలేదు. స్తుతి స్విచ్చు వేసి, డబ్బా మీద చెయ్యి పెట్టింది. ఏమీ లేదు. ఏదీ, నువ్వొకసారి చూడన్నా అంది.

రంగస్వామి తడి బండల మీద వట్టికాళ్లతో నడిచి వచ్చి, ఒక్క వేలు డబ్బాకు ఆనించాడు. ఆనించీ ఆనించగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ లాక్కోవడం నటన కాదు. అరవై ఏళ్ల మనిషి ముఖం అలా నటించలేదు. స్తుతి మళ్లీ తన చెయ్యి పెట్టింది. ఏమీ లేదు. పక్కపక్కన నిలబడ్డారు ఇద్దరూ, ఒకే డబ్బా, ఆయనకు కొడుతోంది, ఈమెకు కొట్టడం లేదు. స్తుతికి జీవితంలో మొదటిసారి ఒక మెషిన్ ముందు ఏం చేయాలో తోచలేదు.

చేతిలో తుడుపు గుడ్డతో గిడ్డమ్మ నడుం సాగదీసి నిలబడింది.

"నువ్వు చెప్పులేసుకోని ముట్టుకుంటాండావు. మేము వట్టికాళ్లతో ముట్టుకుంటాండాం. ఒక్కతూరి ఇడ్సి సూడమ్మా," అంది. తరువాత, మొన్ననే చెబుదామనుకుంటే నువ్వు నిలబడలేదని మెల్లిగా కలిపింది.

ముప్పై ఏళ్లుగా కరెంటు దగ్గర చెప్పులు విడవని మనిషి స్తుతి. విడవాలంటే కాళ్లు మొరాయించాయి. వీపు మీద ఆ పాత దెబ్బ చురుక్కుమంది. అయినా గడప దగ్గరికి పోయి, చెప్పులు విడిచి, అందరి చెప్పుల వరసలో పెట్టి, తడి బండల మీద నడిచొచ్చింది. పాదాలకు చల్లగా తగిలింది. వేలి వెనకవైపు డబ్బాకు ఆనించింది. జుమ్మని మోచేతి దాకా పాకింది.

చెయ్యి తీసుకుని అలాగే నిలబడిపోయింది. మొదట వచ్చింది సిగ్గు. ఒక కడుపుతో ఉన్న పిల్ల ఇది జరుగుతోందని మొత్తుకుంటే, జరగడం లేదని గంటసేపు దాని మీద చెయ్యి పెట్టుకుని మరీ రుజువు చేసి పోయింది తను. ఆ సిగ్గు వెనకే, దాచడమెందుకు, సంతోషం కూడా వచ్చింది. కనపడని తప్పుకు మందు లేదు, దొరికిన తప్పు సగం బాగైనట్టే. ఆమె మొహం చూసి రంగస్వామి బిత్తరపోయాడు. షాక్ కొడితే నవ్వే మనిషిని ఆయన అంతవరకు చూడలేదు.

చెప్పులు మళ్లీ తొడుక్కుని సంచిలోంచి పరీక్ష బల్బు తీసింది. హోల్డరుకు రెండు తీగలు కట్టిన మామూలు బల్బు, నాయనదే. ప్లగ్గు పెట్టే చోట కింది రెండు రంధ్రాల్లో తీగలు పెడితే బల్బు భగ్గున వెలిగింది. ఒక తీగ తీసి పైనున్న పెద్ద రంధ్రంలో పెడితే మినుకు కూడా లేదు. రంగస్వామికి అర్థమయ్యేలా చెప్పింది. ఏ ఇనుప డబ్బాలోనైనా కొసరు కరెంటు కొంచెం మిగులుతుందన్నా. అది భూమిలోకి పోవడానికి ఈ మూడో రంధ్రం దారి. ఇక్కడ ఆ దారి మూసుకుపోయింది. అందుకని అది మీ వట్టికాళ్లను దారి చేసుకుంటోంది. నేను చెప్పులేసుకున్నాను కాబట్టి నన్ను వదిలేసింది. పాత మెషిన్‌కు ముందంతా ప్లాస్టిక్కు, అందుకే మీకు తెలియలేదు. నా మెషిన్ తీసేసి కర్నూలు ఇనుప మెషిన్ పెట్టినా ఇదే కొడుతుంది.

రంగస్వామి గడ్డం గీరుకున్నాడు. "ఆ దారి యాడ మూసుకున్యాదో చూపీ, అప్పుడు నమ్ముతా," అన్నాడు.

ఎర్తు తీగ పట్టుకుని గోడ వెంబడి పోతే ఆఫీసు వెనక ఎండలో తేలింది. పగిలిన బండ ఒకటి ఎత్తితే కింద గుంత, అందులో నిలువుగా ఇనుప గొట్టం. స్తుతి గొట్టం పక్కన మట్టి పిడికెడు తీసింది. అది పిండిలా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. ఈ గుంతలో నీళ్లు పోసి ఎన్నాళ్లయిందవ్వా అని అడిగింది. ఎర్తు గుంత తడిగా ఉంటేనే కరెంటును భూమి తీసుకుంటుంది. ఎండితే అది వట్టి గుంతే.

గిడ్డమ్మ దాచలేదు. బిల్డింగు కట్టినప్పుడు రోజూ బిందెడు పొయ్యమని మేస్త్రీ చెప్పిపోయాడట. ఏడాది పోసిందట. తరువాత బోరు ఎండిపోయింది, మూడు రోజులకొకసారి ట్యాంకరు వస్తోంది.

"తాగేదానికే నీళ్లు లేకపాయ. మనుసులకు లేని నీళ్లు మంటికి పొయ్యబుద్ధి కాల్యా, మానేసినా," అంది.

ఆమెను తప్పు పట్టడానికి స్తుతికి నోరు రాలేదు. ఈ నేల మీద పుట్టిన ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కొంచెం నీళ్లు కావాలని అడగడానికి కూడా ఆమెకు మొహమాటమేసింది. రంగస్వామి డ్రమ్ము మూత తీసి చూసి, ట్యాంకరు రేపటికి గానీ రాదని నసిగాడు. గిడ్డమ్మ లోపలికి పోయి, పొద్దున పట్టిపెట్టుకున్న తన రెండు బిందెలు తెచ్చి గుంత పక్కన దించింది. అంగట్లోంచి రాళ్లుప్పు, టీ కొట్లోంచి బొగ్గులు తెప్పించారు. స్తుతి తుప్పు పట్టిన బోల్టు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, తీగను కొత్తగా బిగించింది. తేమ పట్టి ఉంచే ఉప్పూ బొగ్గూ గుంతలో నింపి, నీళ్లు చెంబుతో కొద్దికొద్దిగా పోసింది. పోసినవి పోసినట్టే గుటకలు వేసి తాగింది ఆ మట్టి.

లోపలికి పోయి ఆ పెద్ద రంధ్రంలో బల్బు తీగ పెట్టి చూస్తే వెలగలేదు. అరగంటకు లోపలి తీగ ఎర్రగా కనిపించింది. స్తుతి గుంత పక్కనే గొంతుక్కూర్చుంది. రంగస్వామి వచ్చి చూసి పోతున్నాడు, అట్టపెట్టె మాత్రం టేబుల్ పక్కనుంచి కదల్చలేదు. రెండో బిందె అయిపోయేసరికి బల్బు పసుపుపచ్చగా, ఇంకో గంటకు తెల్లగా వెలిగింది.

అప్పటికి భువన వచ్చి వరండాలో నిలబడి ఉంది. స్తుతి ఆ పిల్లను రమ్మనలేదు. గిడ్డమ్మను మాత్రం బండలు మళ్లీ తడపమంది. చెప్పులు విడిచి, ఆ తడిలో రెండు పాదాలూ ఆనించి నిలబడి, మొదట వేలి వెనకవైపు, తరువాత అరచేయి మొత్తం డబ్బా మీద పెట్టింది. అట్లాగే చాలాసేపు ఉంచింది. తరువాత రంగస్వామి పెట్టాడు. ఒకసారి తీసి, నమ్మకం చాలక మళ్లీ పెట్టాడు. ఎవరూ పిలవకుండానే భువన వచ్చి, ఊపిరి బిగబట్టి, తన చెయ్యి పెట్టింది. ఏమీ కాలేదు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేను అబద్ధం చెప్పల్యా గదక్కా."

"లేదు పాపా. నువ్వు చెప్తాంటే నేనే ఇనల్యా," అంది స్తుతి.

ఆ మాట అనడం అంత సులువు కాదు. పని వచ్చినవాళ్లకు మరీ కష్టం. కానీ అన్నాక ఆమెకు గుండె తేలికపడింది.

అంతా అయ్యాక రంగస్వామి అసలు ప్రశ్న వేశాడు. ఈ రోజైతే పోసినాం, రేపటి నుంచి రోజూ బిందెడు నీళ్లు ఎక్కడ తెచ్చి పోసేదమ్మా, గుంతకు పోసి మేము తాగడం మానుకునేదా అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఇంతలో భోజనాల వేళయింది. ఆఫీసులో ఎనిమిది మంది క్యారియర్లు విప్పారు, ఆమెకూ కొర్రన్నం, పప్పు పెట్టారు. తిన్నాక అందరూ చెంబులు పట్టుకుని ముందు రోడ్డు వైపు పోయి చేతులు కడుక్కుంటుంటే, ఆ నీళ్లు ఎర్రదుమ్ములో ఇంకిపోవడం చూసింది. చూసి, ఎంగిలి చేత్తోనే నుదురు కొట్టుకుంది.

వాళ్ల షెడ్డు పక్కన ఒక తెల్లటి పలుగురాయి ఉంది. ఇంటికి ఎవరొచ్చి తిన్నా, పాస్టరు గారైనా సరే, నాయన ఆ రాయి దగ్గరే చెయ్యి కడిగించేవాడు. వేరేచోట కడిగితే ఒప్పుకునేవాడు కాదు. ఇదేం చాదస్తమని స్తుతి చిన్నప్పుడు సిగ్గుపడేది. ఆ రాయి కింద ఉన్నది ఎర్తు గుంత. నలభై ఏళ్లు ఆ షెడ్డులో ఒక్కరికీ షాక్ తగలలేదంటే అది చెప్పుల మహిమ ఒక్కటే కాదు, ఆ ఎంగిలి చేతుల నీళ్ల పుణ్యం కూడా. చెప్పుల సంగతి నాయన నోటితో చెప్పాడు కాబట్టి గుర్తుంది. ఇది చేసి చూపించాడు కాబట్టి ఆమె చూడలేదు.

స్తుతి లేచి, తన చెంబు పట్టుకుని ఆఫీసు వెనక్కి పోయి గుంత దగ్గర చెయ్యి కడుక్కుంది. ఎనిమిది మంది చేతులు, ఎనిమిది క్యారియర్లు, బండలు తుడిచిన బకెట్టు నీళ్లు, అన్నీ ఇందులోనే అన్నా, కొత్తగా ఒక్క చుక్క ఖర్చు లేదు అంది. రంగస్వామి తన చెంబుతో వచ్చి, వంగి, తీరిగ్గా చేతులు కడుక్కుని, మిగిలిన చుక్క కూడా గొట్టం మీద వంచాడు. తరువాత లోపలికి పోయి అట్టపెట్టెను తన చేత్తోనే అటక మీదికి ఎక్కించాడు. గిడ్డమ్మ బిందెలు నింపడానికి తన ఇంటి నుంచి రెండు డబ్బాల నీళ్లు పంపించమని ఫోను చేశాడు. స్తుతి సంచి సర్దుకుంటుంటే గడప దాకా వచ్చి నిలబడ్డాడు.

"ఆరు ఊర్లల్లో ముందు గుంతలు చూసి రా. ఆమైన మెషిన్లు బిగించు," అన్నాడు.

ఆ సాయంత్రమే కర్నూలు యజమానికి ఫోను చేసి, రాలేనని, తన షాపు తనకు చాలని మర్యాదగా చెప్పేసింది. నాయనకు జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. నీ చెప్పులే నన్ను మోసం చేసినాయి నాయనా అని దెప్పింది కూడా. బాలస్వామి అప్పుడే తిని లేచాడు. పలుగురాయి దగ్గర చెయ్యి కడుక్కుంటూ, తలెత్తకుండానే అన్నాడు.

"చెప్పులేసుకోమన్యది కరెంటు తగలకూడదని. మనిసి మాట తగలకూడదని కాదు గదా పాపా."

నెల తిరక్కముందే ఆరు మెషిన్లూ రేకుల కింద ఎండ తిని, ఆరు ఊళ్లకు పోయాయి. ఆరుచోట్లా గుంతల దగ్గర చేతులు కడుగుతున్నారు. ఎప్పుడైనా ఎవరైనా ఆ డబ్బాల్లో ఒకటి విప్పితే లోపల మామూలు కాగితమే కనిపిస్తుంది. సామాన్ల పేర్లు, తారీఖు, ఫోన్ నంబరు, బిగించినది స్తుతి, కోడుమూరు. దాని కింద మాత్రం కొత్తగా ఒక వరస ఉంటుంది.

పెట్టిన చోటనే, చెప్పులు విడిచి ముట్టుకుని చూశాను.